దేవదూత వీపు మీది మరక

నా చిన్నప్పుడు సూరత్‌లో చలి ఎంత ఉండేదంటే, అని మొదలుపెట్టబోయి ఆగాను. సూరత్‌లో చలి ఉండదు. డిసెంబరులో పొద్దున కాసేపు భుజాన తువాలు వేసుకుంటే సరిపోతుంది. కానీ నన్ను అలా వదిలేస్తే ఈ పాటికి మా డిండోలి గల్లీలో మంచు కురిపించి, ఆ మంచులో ఒక మేకను కూడా చంపి ఉండేవాణ్ని. అందుకే ముందుగా ఒప్పేసుకుంటున్నాను. నేను పెంచి చెప్తాను. మా ఇంట్లో ఈ సంగతి అందరికీ తెలుసు. చుట్టాలు పదిమంది వస్తున్నారని నేనంటే మా ఆవిడ నాలుగు గ్లాసులు బయటికి తీసి, కాస్త ఆలోచించి ఒకటి మళ్లీ లోపల పెడుతుంది. ఈ కథలోనూ పెంచుతాను. ఎక్కడెక్కడ పెంచానో చివర్లో చెప్తాను. అంతవరకు నా లెక్కల్ని సగానికి సగం కోసుకుంటూ చదవండి.

అప్పుడు నాకు పదేళ్లు. ఉత్తర తెలంగాణ నుంచి సాంచాలు నడపడానికి సూరత్ వచ్చిన కుటుంబాల్లో మాదొకటి. సాంచా అంటే కరెంటు మగ్గం. మా బాపు పనిచేసే కార్ఖానాలో నూట ఇరవై సాంచాలు ఉండేవి. సరే, పన్నెండు. ఆ పన్నెండూ ఒకేసారి నడిస్తే పక్కన నిలబడ్డ మనిషి మాట కూడా వినిపించదు, పెదాలు చూసి అర్థం చేసుకోవాలి. అందుకని బాపు ఇంటికొచ్చాక కూడా అరుస్తూనే మాట్లాడేవాడు. మా పప్పులో ఉప్పు తక్కువైన రహస్యం మూడు గల్లీలకు తెలిసిపోయేది. ఆ గొంతే నాకూ వచ్చింది. ఈ కథకు మూలం ఆ గొంతే.

మా గదికీ పక్కింటి అక్క గదికీ మధ్య ఒకటే గోడ. అక్క మా వైపు మనిషే, తెలుగే, కాకపోతే క్రైస్తవురాలు. భర్త బట్టకు రంగులద్దే డైయింగ్ మిల్లుకు పోతే ఆమె ఇంట్లో జాకెట్లు కుట్టేది. ఆదివారం పొద్దున గల్లీలో పిల్లలందర్నీ చాప మీద కూర్చోబెట్టి పాటలు నేర్పి, కథ చెప్పి, చివర్లో తలా ఒక బిస్కెట్టు పెట్టేది. మేము మార్కండేయ గుడికి పోయేవాళ్లం. అయినా మా అమ్మ అడ్డుచెప్పలేదు. "దేవుని పాటనే గదా, బూతు పాట గాదు గదా," అనేది. నాకైతే పాట కంటే బిస్కెట్టు ముఖ్యం. ఆ బిస్కెట్టు పళ్లెమంత ఉండేది.

అక్క గదిలో కుట్టుమిషను పైన, గోడకు, ఆజ్ఞల పటం ఒకటి వేలాడేది. నీలి సిరాతో అక్కే రాసుకున్న పది వరుసలు. దొంగతనం వద్దు, అబద్ధం వద్దు, ఇట్లాంటివి. వేలు పెట్టి ఒక్కో వరుస చూపిస్తూ చెప్పేది. "ఇవి ఎండకు మారయి, వానకు మారయి బిడ్డా. మనూర్ల ఒక తీరు, సూరత్‌ల ఒక తీరు ఉండదు. తప్పు తప్పే." నేను బిస్కెట్టు డబ్బా వైపు చూస్తూ తలూపేవాణ్ని.

ఆ ఏడాది క్రిస్మస్‌కు ముందు ఆదివారం గల్లీలోనే నాటకం వేయాలని అక్క సంకల్పించింది. రెండు నెలలు మమ్మల్ని తోమింది. నా గొంతు చూసి నాకు దేవదూత వేషం ఇచ్చింది. రాత్రి మందలు కాసుకునే గొర్రెలకాపరులకు దేవదూత కనపడి, "భయపడకండి, మంచి కబురు తెచ్చాను," అంటాడు. ఉన్నది ఆ ఒక్క మాటే. నేను దాన్ని ఉధ్నా స్టేషను దాకా వినపడేట్టు చెప్పగలను.

చిక్కు బట్ట దగ్గర వచ్చింది. ఎవరి బట్టలు వాళ్లే తెచ్చుకోవాలి. కాపరులకు దుప్పట్లు, రాజులకు అమ్మల చీరలు. దేవదూతకు మెడ నుంచి పాదాల దాకా తెల్లబట్ట కావాలి. మా ఇంట్లో తెల్లగా ఉన్నది బాపు ధోవతి ఒక్కటే, అందులో బట్ట కంటే చిల్లులు ఎక్కువ. అక్క రెండు వారాలు చూసి చెప్పేసింది. "లేకుంటే లేదు తియ్. కిరాణా సేఠ్ కొడుక్కు తెల్ల కుర్తా ఉన్నది. వాన్ని దేవదూతను చేస్త. నువ్వు గొర్రెవు కా." గొర్రెకు మాటలుండవు. దుప్పటి కింద దూరి, పిలిచినప్పుడు మే అనాలి. నా బతుకు అక్కడితో ఆగిపోయిందనిపించింది.

ఇక్కడ మా కార్ఖానాల పద్ధతి ఒకటి చెప్పాలి. సాంచా మీద నేసిన బట్టను మడతలుగా పేర్చి కడితే దాన్ని తాకా అంటారు. తాకాను చెక్‌చేసే మనిషి మడత మడతా తిప్పి చూసి, ఎక్కడ నూనె మరక పడిందో, ఎక్కడ పోగు తెగి గీత పడిందో ఆ భాగాన్ని కోసి మూలన పడేస్తాడు. అది చిందీ. తాకాలోంచి వేలెడు గుడ్డ తీస్తే దొంగ. చిందీ కుప్పలోంచి మోపెడు ఎత్తుకుపోయినా ఎవరూ తల తిప్పి చూడరు. మా గల్లీలో దిండ్లు, గుమ్మం తెరలు, పసిపిల్లల పక్కబట్టలు, అన్నం దించుకునే మసిగుడ్డలు అన్నీ చిందీయే. అంటే ఒకటే బట్ట, పొద్దున ముట్టుకుంటే దొంగతనం, మరకపడ్డాక మధ్యాహ్నం ముట్టుకుంటే పొదుపు. ఈ సందు నా కంట పడింది. పదేళ్లవాడికి ఏనుగు దూరేంత సందు అది.

మంగళవారం మధ్యాహ్నం బాపుకు అన్నం గిన్నె పట్టుకుపోయాను. తిండివేళ కనుక అందరూ బయట నీడన కూర్చున్నారు. సాంచాలు ఆగి ఉన్నాయి. గోడవార చెక్కమీద రెండు తాకాలు, ఇంకా చెక్ చేయనివి, పక్కపక్కన ఉన్నాయి. ఒకదాని అంచున చాక్‌పీసుతో మా బాపు సాంచా నంబరు, రెండోదాని మీద ఒడియా కాకా సాంచా నంబరు. నూనె డబ్బాలో కుడిచేయి ముంచి, ఒక తాకా మడత విప్పి అరచేయి అద్దాను. చాలా మడతలు దాటాక మళ్లీ అద్దాను. ఒకటే మరక వేస్తే జానెడు ముక్క కోస్తారు, దూరదూరంగా రెండు వేస్తే మధ్యదంతా వస్తుందని నా లెక్క. ఆ తాకా మా బాపుది కాదు. కాకాది.

కాకా అంటే బాపు పక్క సాంచా నడిపే మనిషి. ఒడిశా నుంచి వచ్చాడు. ఏడడుగుల ఎత్తు, తలుపులోంచి వంగి రావాలి. నన్ను ఛోటా మాస్టర్ అని పిలిచేవాడు. రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేయడం నేర్పింది ఆయనే. పసిపిల్ల తలకు అంటినట్టు సాంచాకు నూనె పోసేవాడు, అదొక్కటే ఆయన బలహీనత. ఆ నెలలో అప్పటికే రెండుసార్లు ఆయన బట్టమీద నూనె చుక్కలు పడి, సాంచాల మీద అజమాయిషీ చేసే మాస్టరు చేత మాటలు పడ్డాడు. ఇది నాకు తెలుసు.

బుధవారం నా లెక్క అచ్చంగా ఫలించింది. చిందీ కుప్పలో పొడవాటి ముక్క పడి ఉంది. నేను అడగాల్సిన పని కూడా రాలేదు. బాపే దులిపి, మడిచి నా చేతికిచ్చి, "మంచి తుకడా దొరికింది పో, నీ నసీబు," అన్నాడు. నేను దాన్ని నెత్తిన పెట్టుకుని గల్లీ అంతా తిరిగి అక్కకిచ్చాను. అక్క చూసి సంతోషించి, ఉతికి కుడతానంది. నేను మళ్లీ దేవదూతనయ్యాను.

గురువారం సాయంత్రం అన్నాల దగ్గర బాపు ఎప్పటిలా అరుస్తూ చెప్పాడు.

"ఒడియాయన్ని పొమ్మన్నరు."

"ఏందట?" అంది అమ్మ.

"తాకా మీద నూనె పడ్డదట. ఈ నెలల మూడోసారి అంటడు మాస్టరు. జర తక్కువ పొయ్యి, జర తక్కువ పొయ్యి అని నేను చెప్తనే ఉన్న. ఇనడు. నేను ఈసారి పొయ్యలే భాయ్ అని ఒట్టేస్తుండు పాపం. ఎవలు ఇంటరు. శనివారం బండికి ఊరికి పోతుండు."

"పిల్లలున్నోడు."

"ఉంటే. ఆ సాంచాకు కొత్తోడు రానే వచ్చిండు."

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అది మొదలు నాకు నూనె వాసన పట్టుకుంది. అన్నంలో నూనె వాసన, దుప్పట్లో నూనె వాసన, పలక మీద నూనె వాసన. పొద్దున బడికి పోయేముందు చెయ్యి పద్నాలుగుసార్లు కడిగాను. గల్లీలో ఎవరు గట్టిగా మాట్లాడినా నా కోసమే అనుకున్నాను. పోస్టుమాను ఖాకీ చొక్కా చూసి మరుగుదొడ్డిలో దాక్కుని, బయట వరుసలో నిలబడ్డ ముప్పైమంది చేత తిట్లు తిన్నాను. చెప్పేస్తే దేవదూత పోతాడు, బాపు తోలు తీస్తాడు. చెప్పకపోతే కాకా పోతాడు. శనివారానికి రెండు రోజులు కూడా లేవు.

భయం ముదిరితే మనిషి లాయరవుతాడు. శుక్రవారం బడినుంచి వస్తూ నేను వాదన తయారుచేసుకుని, పుస్తకాల సంచీతోనే అక్క గదికి పోయాను. ఆమె మిషను మీద ఏదో జాకెట్టు కుడుతోంది.

"అక్కా, ఆ పటంల ఉన్నయి మీ చర్చోళ్లకేనా, అందరికా?"

"అందరికి."

"మేం మీ చర్చి గాదు గదా. మాది మార్కండేయ గుడి. మాకు వేరే ఉంటయేమో."

మిషను ఆగలేదు. "ఏం జేసినవ్ రా?"

"నేను గాదు. ఒక పిలగాడు."

"ఎంత పొడుగుంటడు?"

"నాకంటె పొడుగు."

"సరే చెప్పు."

చెప్పాను. ఆ పొడుగు పిలగాడు ఒకాయన బట్టమీద మరక వేశాడు. కోయలేదు, ఎత్తుకుపోలేదు, మరకే వేశాడు. కోసింది వాళ్లు. చిందీలో పారేసింది వాళ్లు. చిందీ ఎవరైనా తీసుకోవచ్చు. పైగా దేవుడి పనికే తీసుకున్నాడు. మీ దేవుడి పనికే. ఇందులో తప్పెక్కడుంది? మీ పటం ప్రకారం తప్పయినా మా గుడి ప్రకారం కాకపోవచ్చు. మా గుడి ప్రకారం తప్పయినా ఇంకెవరి ప్రకారమో కాకపోవచ్చు. తప్పనేది చూసేవాడి కన్నునుబట్టి ఉంటుందేమో. ఇంత పొందికగా అప్పుడు చెప్పలేదు, కానీ విషయం ఇదే.

అక్క పాదం మిషను మీద ఆగింది. తర్వాత తను జాకెట్ల మీద గీతలు గీసే నీలి పెన్సిలు తీసి నాకు చూపించింది.

"నేను అందరికీ తప్పే అంటున్న. నువ్వు కొందరికి గాదు అంటున్నవ్. మనిద్దరం కొట్లాడుడు ఎందుకు, పోయి అడుగు. ఏ దేవున్ని మొక్కెటోడైనా సరే, ఏ ఊరోడైనా సరే, ఇది తప్పు గాదు అన్నోడు ఒక్కడు దొరికితే నాకు చెప్పు. ఆ వరుస ఈ పెన్సిలుతోని నేనే కొట్టేస్త."

పెద్దవాళ్లు ఇట్లాంటి పందెం కాస్తారని నేనెప్పుడూ అనుకోలేదు. ఆ సాయంత్రం సూరత్ నగరమంతా తిరిగాను. అంటే ముగ్గుర్ని అడిగాను.

మొదట అమ్మ. బియ్యంలో రాళ్లేరుతోంది. కథ సగం కూడా విననివ్వలేదు. "ఏ దేవుడైతేంది రా. దినమంత నిలవడి, కండ్లు ఎర్రగ జేసుకొని నేస్తరు. ఆ బట్ట ఖరాబు జేసుడు అంటే ఆ కండ్లల్ల మన్ను గొట్టినట్టే. ఎవడు వాడు?" నాకంటే పొడుగని చెప్పి బయటపడ్డాను.

తర్వాత కిరాణా సేఠ్. ఆయన గుజరాతీ, ఉల్లిగడ్డ కూడా తినడు, చీమను తొక్కకుండా నడుస్తాడు. ఆయన దగ్గరేమైనా వేరే పద్ధతి ఉంటుందని నా ఆశ. పప్పు తూస్తూ, కళ్లెత్తకుండానే, పాపానికి మతమేంటి భాయ్, తూకపు రాయికి మతముందా, ఎక్కడైనా కిలో కిలోయే అన్నాడు. అంటూనే చిటికెనవేలుతో తక్కెడను ఒకవైపు కొంచెం ఆనించాడు.

మిగిలింది ఒక్కరే. వెనక గల్లీలో ఆరుగురు కలిసి ఉండే గదిలో కాకా ఒక్కడే కూర్చుని రేకు పెట్టె సర్దుతున్నాడు. రెండు లుంగీలు, ఒక అద్దం, జగన్నాథుడి పటం, పిల్ల కోసం కొన్న ఎర్ర రిబ్బను. నన్ను చూసి "రా ఛోటా మాస్టర్," అన్నాడు హిందీలో. నేనూ హిందీలోనే అడిగాను. ఆయన ముఖం చూడలేక పెట్టె తాళం వైపు చూస్తూ అడిగాను. కాకా, మీ ఊళ్లో, మీ దేవుడి దగ్గర, ఒక పిల్లవాడు ఒకాయన బట్టమీద మరక వేస్తే, అది తప్పవుతుందా?

ఆయన మడుస్తున్న లుంగీ మడత ఆపాడు. తర్వాత గుడ్డమూట విప్పి, దారికని కట్టుకున్న మరమరాలు గుప్పెడు తీసి, నా కుడిచేయి పట్టుకుని అరచేతిలో పోశాడు. పోశాక ఆ చేతిని ఒక్క క్షణం ఎక్కువసేపు చూశాడు. వేళ్లు ఒక్కొక్కటిగా ముడిచి గుప్పెట మూశాడు.

"పిల్లలకు పాపం అంటదు," అన్నాడు. "మా జగన్నాథుడు పిల్లలవి రాసుకోడు. పో, ఆడుకో."

నేను పందెం గెలిచాను. గెలిచినవాడు పరుగెత్తాలి. నేను గుప్పెట బిగించి నడిచాను. మరమరాలు నోట్లో వేసుకుందామనుకున్నాను గానీ గుప్పెట తెరవాలంటే భయమేసింది. అక్క గుమ్మం దగ్గర నిలబడి, "దొరికిండక్కా," అన్నాను.

"ఎవలు?"

"కాకా. పిల్లలకైతే తప్పు గాదన్నడు."

అక్క పెన్సిలు తీయలేదు. లేచి మేకుకు తగిలించిన దేవదూత చొక్కా దింపింది. కుట్టడం అయిపోయింది. అంచుకు జరీ, భుజాలకు కాగితం రెక్కలు. దాన్ని వెనక్కి తిప్పి కిటికీ వెలుతురుకు పట్టింది. ఒక మరక కత్తిరింపులో పోయింది, రెండోదాన్ని సబ్బుతో రుద్దితే పైమడ్డి పోయి చెయ్యి మిగిలింది. అయిదు వేళ్లూ కనిపిస్తున్నాయి. మధ్యవేలు చివర వంకర. మూడేళ్ల వయసులో తలుపు సందులో పడిన వేలది. సూరత్‌లో అట్లాంటి వేలు ఇంకొకటి లేదు.

"నీకెప్పుడు తెల్సింది?" అన్నాను.

"ఉతికిన్నాడే."

అంటే బుధవారమే. నేను ఏడ్వడం మొదలుపెట్టాను. ఏడుస్తూనే వాదించాను. తప్పు కాదన్నాడు గదా, ఆయనే అన్నాడు గదా, బట్ట ఆయనదే గదా.

అక్క నన్ను స్టూలు మీద కూర్చోబెట్టింది. "ఒకటి చెప్పు. మీ బాపు తాకా పక్కనే ఉంటది గదా. తప్పు గాకపోతే దాని మీదనే ఎందుకు వెయ్యలే?"

పటం చూడకముందే, గుడి అడగకముందే, నూనె డబ్బాలో చెయ్యి ముంచకముందే నాకు తెలుసు. తెలిసే బాపు తాకాను తప్పించాను.

"కాకాది ప్రేమ," అంది అక్క. "ఆయన తప్పు గాదనలే బిడ్డా, నిన్ను మాఫ్ చేసిండు. తప్పే లేకపోతే మాఫీ దేనికి? ప్రభువు గూడ తప్పును ఒప్పు అని అనడు. తప్పును తప్పు అంటనే మనిషిని దగ్గరికి తీసుకుంటడు. గా రెండు వేరే వేరే."

ఆ తర్వాత జరిగింది చెప్పడమంటే నాకు చాలా ఇష్టం. అక్క ఒక చేత్తో నన్ను, ఒక చేత్తో ఆ చొక్కాను పట్టుకుని కార్ఖానాకు నడిచింది. దారిలో రిక్షాలు, లారీలు, చివరికి ఒక గేదెల మంద కూడా ఆగి మాకు దోవ ఇచ్చాయి. లోపల నేను నోరు తెరిచేసరికి పన్నెండు సాంచాలూ ఒక్కసారి ఆగిపోయాయి. నా గొంతు పైకప్పు రేకులకు తగిలింది. మాస్టరు మీసం వణికింది. బాపు నా చెవి పట్టుకుని నేలమీంచి పైకి లేపాడు, మళ్లీ దించాడు, తల నిమిరాడు. కాకాను పిలిపించారు. ఆయన రేకు పెట్టెలోంచి లుంగీలు మళ్లీ బయటికొచ్చాయి. ఆదివారం నాటకానికి రెండువందల మంది వచ్చారు. కాకా చివరి వరుసలో నిలబడి, నేను "భయపడకండి" అనగానే రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేశాడు. ఆ ఈలకు పావురాలు లేచాయి.

ఇది నేను ఎన్నోసార్లు చెప్పాను. పెళ్లిళ్లలో చెప్పాను, రైళ్లలో చెప్పాను, మా పిల్లలకు చెప్పాను. పావురాల దగ్గర అందరూ నవ్వుతారు.

ఇక చివర్లో చెప్తానన్న మాట. బిస్కెట్టు పళ్లెమంత కాదు, అర్ధరూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దది. కాకా ఏడడుగులు కాదు, మా బాపు కంటే పొట్టి. మరుగుదొడ్డి బయట నిలబడింది ముగ్గురు. కిరాణా సేఠ్ తక్కెడను ఆనించలేదు. అది నవ్వు కోసం చేర్చాను. మంచి మనిషి, ఆయన మీద అబద్ధం చెప్పాను, క్షమించాలి. చెయ్యి కడిగింది మాత్రం పద్నాలుగుసార్లే. లెక్కపెట్టాను.

ఇవన్నీ పెంచినవి. పూర్తిగా అల్లింది ఒకటే, శుక్రవారం మేము కార్ఖానాకు నడవడం.

మేము నడవలేదు. మాఫీ గురించి అంత మాట చెప్పాక అక్క చొక్కా మడిచి ఒళ్లో పెట్టుకుంది. బయట పిల్లలు నాటకం కోసం మే మే అని అరుస్తున్నారు. "ఆదివారం దాటనీ," అంది. "రెండు నెలల కష్టం. ఇప్పుడు చెప్తే చర్చోళ్లు దొంగ బట్టతోని పండుగ చేస్తుండ్రు అంటరు. నాటకం అయిపోనీ. సోమవారం పొద్దుగాల నేనే నీతోని వస్త." ఆ మాట అంటున్నప్పుడు ఆమె గోడ వైపు చూడలేదు. నేను వెంటనే సరే అన్నాను. బతుకులో దేనికీ అంత తొందరగా సరే అనలేదు. శనివారం బండి సంగతి ఇద్దరికీ తెలుసు. ఇద్దరం దాని పేరు ఎత్తలేదు.

శనివారం మధ్యాహ్నం కాకా నెత్తిన రేకు పెట్టెతో మా గల్లీలోంచే పోయాడు. బాపు ఆయన సంచీ మోస్తూ స్టేషను దాకా పోయాడు. నేను అక్క గదిలో నా మాట వల్లె వేస్తున్నాను. అక్క మిషను ఆపలేదు, ఇంకా గట్టిగా తొక్కింది.

ఆదివారం నాటకం జరిగింది. పాతికమంది ఉంటారు. మరక రెక్కల కింద దాగింది, అయినా నేను గోడకు వీపు ఆనించే నిలబడ్డాను. భయంతో వణికే కాపరుల ముందు నిలబడి, వాళ్లందరికంటే ఎక్కువ వణుకుతూ, భయపడకండి అన్నాను. గల్లీ చివరిదాకా వినపడిందట. నాకు వినపడలేదు.

సోమవారం చెప్పాం. మాస్టరు నన్ను చూసి, చొక్కాను చూసి, కొత్త మనిషి వచ్చేశాడు కదా అన్నాడు. ఆయనకు అది ముగిసిన సంగతి. కాకా ఊరికి ఏ స్టేషనులో దిగాలో తెలుసు గానీ ఊరి పేరు ఎవరికీ తెలియదు. ఒడియా వాళ్ల చేత కబురు పంపించాం. అందిందో లేదో తెలియదు. బాపు నన్ను కొట్టలేదు. పప్పులో ఉప్పు గురించి కూడా అరిచే మనిషి, మొదటిసారి మెల్లగా మాట్లాడాడు. "శనివారం చెప్పకపోతివా," అన్నాడు. అంతే.

మరుసటి ఆదివారం పిల్లలందరం చాప మీద కూర్చున్నాక అక్క పటం ముందు నిలబడింది. పాట పాడించలేదు. "వీడు తప్పు చేసిండు, చిన్నోడు," అంది. "నేను తెల్సి దాచిన, పెద్దదాన్ని. నాటకం కోసం దాచిన. దేవుని పని కోసమే గదా అని నాకు నేను చెప్పుకున్న. తప్పు తప్పే అని మీకు చెప్పేది నేనే. మీరు నన్ను మాఫ్ చెయ్యాలె." అంతకుముందు ఏ పెద్దమనిషీ నా ఎదుట అట్లా నిలబడి చెప్పడం నేను చూడలేదు. ఎట్లా మాఫ్ చేయాలో మాలో ఎవరికీ తెలియలేదు. ముందు వరుసలో కూర్చున్న నాలుగేళ్ల పిల్ల లేచి, తన చేతిలో బిస్కెట్టు అక్కకు ఇచ్చేసింది.

తప్పూ ఒప్పూ మనిషినిబట్టి మారతాయనే వాళ్ల వాదన తర్వాత చాలా విన్నాను. పైనుంచి గీసిన గీత మారదనే వాళ్ల వాదనా విన్నాను. చదువుకున్నవాళ్లు, నాకంటే బాగా చెప్తారు. నాకు తెలిసింది ఒక్కటే. పన్నెండు సాంచాల్ని నూట ఇరవై చేయగలను. పొట్టి మనిషిని ఏడడుగులు పెంచగలను. ఇన్నేళ్లుగా ఎంత ప్రయత్నించినా ఆ శనివారం బండిని మాత్రం ఆపలేకపోయాను. వినేవాళ్లను బట్టి కథ మారుతుంది. బండి తన వేళకు తాను వెళ్లిపోతుంది. మారని దాన్ని వేలు పెట్టి చూపించమంటే నేను పటం చూపించను, ఆ బండినే చూపిస్తాను.

ఏ కథ ఎత్తుకున్నా ముందే పెంచి చెప్తానని ఒప్పుకోవడం ఏం అలవాటని మా పిల్లలు నన్ను వేళాకోళం చేస్తారు. చిన్నప్పుడు ఒకసారి మూడు రోజులు ఆలస్యంగా ఒప్పుకున్నాను. అప్పట్నుంచి ముందే ఒప్పుకుంటున్నాను.